బొరియలో బూచి

పిల్లలూ! ఈ నెల ముందుగా ఒక పొడుపు కథ విప్పండి.

మగ్గం లేదు, కాని సాలె. గునపం లేదు, కాని గని పనివాడు. రాత్రంతా గుమ్మంలోనే కాపలా, కాని గుమ్మం దాటడు. ఎవరు?

మగ్గం అనగానే సిరిసిల్ల పిల్లలు చెవులు నిక్కించి ఉంటారు. గని అనగానే గోదావరిఖని పిల్లలు, బెల్లంపల్లి పిల్లలు "మాకు తెలుసు!" అని ఉంటారు. కాని ఈ జీవి సిరిసిల్లలో బట్ట నేయదు, గోదావరిఖనిలో బొగ్గు తవ్వదు. పొలం గట్టు మీదనో, అడవి అంచుననో, మట్టి కట్ట వాలులోనో బొటనవేలు పట్టేంత బొరియ తవ్వుకొంటుంది. లోపల పట్టుదారంతో గోడలు కట్టుకొంటుంది. చీకటి పడగానే గుమ్మంలో ముందు కాళ్ళు పెట్టుకొని కూర్చుంటుంది. అదే నేల బొరియలో ఉండే రోమాల సాలీడు. ప్రపంచమంతటా దీనిని టరంటులా అంటారు.

దీనిని చూడగానే "అమ్మో, బూచి!" అని పరుగెత్తేవారు కొందరు. "పట్టుకుపోయి సీసాలో పెంచుకొంటే ఎంత బాగుంటుంది!" అనుకొనేవారు కొందరు. ఈ నెల కబుర్లు ఈ ఇద్దరి కోసమూను.

చుట్టాలు, పక్కాలు

సాలె అంటే నేతగాడు. నేసే పురుగు గనుక మన పెద్దలు దీనిని సాలెపురుగు అన్నారు, సాలీడు అన్నారు. శ్రీకాళహస్తి పేరు మీరు వినే ఉంటారు. అందులో శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఈ మూడూ శివుణ్ణి కొలిచి మోక్షం పొందాయని ఆ క్షేత్రం కథ. ఏనుగు పక్కన సాలీడుకు కూడా సమానంగా పీట వేసిన కథ అది!

పేరులో పురుగు ఉన్నదే గాని సాలీడు నిజానికి పురుగు కాదు. పురుగుకు ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. పురుగు ఒంట్లో తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలుంటాయి. సాలీడుకు తలా రొమ్మూ కలిసిపోయి ఒకటే ముక్క, పొట్ట రెండో ముక్క. దానికి రెక్కలూ లేవు, మీసాలూ లేవు.

తేలు, మండ్రగబ్బ దీనికి చుట్టాలు. మరొక చుట్టం ఎవరో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. తొలకరి వానలకు చెలకల్లో ఎర్రని ముఖమల్ గుడ్డ ముక్కల్లాగా పాకే ఆరుద్ర పురుగులను అరచేతిలో పెట్టుకొని ఆడి ఉంటారు గదా! వాటి కాళ్ళు ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఈసారి లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. ఆరుద్ర పురుగు సాలీడుకు దూరపు చుట్టమన్నమాట. ఒక చుట్టాన్ని అరచేతిలో ఆడించి, ఇంకొక చుట్టాన్ని చెప్పుతో కొట్టడం ఏం న్యాయం?

ఇక టరంటులా అనే పేరు సంగతి. ఇటలీ దేశంలో టారంటో అనే ఊరున్నది. ఆ ప్రాంతంలో సాలీడు కరిస్తే, ఆగకుండా నాట్యమాడితేగాని విషం దిగదని పూర్వం జనం నమ్మేవారు. ఆ నాట్యానికి టరంటెల్లా అనే పేరు ఇప్పటికీ ఉన్నది. తమాషా ఏమిటంటే, ఆ ఇటలీ సాలీడు మనం ఇప్పుడు టరంటులా అంటున్న జాతి కానే కాదు. దానిది తోడేలు సాలీళ్ళ కుటుంబం. ఐరోపావారు ఓడలెక్కి దేశాలు తిరిగినప్పుడు, పెద్ద రోమాల సాలీడు కనిపించిన చోటల్లా ఆ పాత పేరునే తగిలించారు. తప్పు పేరే చివరకు అసలు పేరై కూర్చున్నది.

ప్రపంచంలో శాస్త్రజ్ఞులు గుర్తించిన సాలీళ్ళ జాతులు 50,000కు పైగా ఉన్నవి. వాటిలో టరంటులాలు వెయ్యికి పైచిలుకు. దక్షిణ అమెరికా అడవులలో ఉండే గోలియత్ అనే జాతి కాళ్ళు చాపితే అన్నం పళ్ళెమంత ఉంటుంది. ఇంచుమించు 30 సెంటీమీటర్లు! మన దక్కను పీఠభూమిలో బొరియలు తవ్వే చిన్న జాతులు అంత గొప్పవి కావు. వాటి ఒళ్ళు అంగుళం, లేదా కాస్త ఎక్కువ. రంగు మట్టి రంగు. పక్కనుంచి నడిచిపోయినా మీకు కనిపించదు.

అయితే సాధారణ సాలీడుకూ దీనికీ తేడా ఏమిటి? మూడు గుర్తులు చెబుతాను. ఇంటి మూలల్లో ఉండే సాలీడు కోరలు పటకారులాగా రెండు పక్కల నుంచి కలుసుకొంటాయి. టరంటులా కోరలు జంట గునపాల్లాగా పై నుంచి కిందికి దిగుతాయి. ఇది మొదటి గుర్తు. ఇంటి సాలీళ్ళలో చాలావాటికి పుస్తకపు ఆకుల్లాంటి ఊపిరితిత్తులు రెండే ఉంటాయి, దీనికి నాలుగు. ఇది రెండవది. ఇది చక్రంలాంటి గూడు అల్లదు. పట్టునంతా ఇంటి గోడలకూ, గుమ్మానికీ, గుడ్ల సంచికీ వాడుకొంటుంది. ఇది మూడవది.

బొరియ ఇల్లు

ఆదిలాబాదు ఎండలు మీకు నేను చెప్పాలా? మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అదే జిల్లాలో చలికాలం రాత్రి 5 డిగ్రీల కంటే కిందికి దిగిన రోజులూ ఉన్నవి. అంగుళం ఒళ్ళున్న జీవి ఈ రెండింటినీ ఎలా తట్టుకొంటుంది? నేలను దుప్పటిగా కప్పుకొని!

ఎండాకాలంలో పెద్దవారి సాయంతో ఒక పని చేసి చూడండి. పెరట్లో మూరెడు లోతు గుంట తీసి, అడుగున ఒక థర్మామీటరు పెట్టి, మళ్ళీ మట్టి కప్పండి. ఇంకొకటి నేలమీద నీడన పెట్టండి. మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి రెంటినీ చూడండి. పైనున్నది ఎంతో ఎక్కీ దిగీ ఉంటుంది. లోపలిది దాదాపు కదలదు. పగటి వేడి మూరెడు మట్టిని దాటేలోగా రాత్రి వచ్చేస్తుంది. రాత్రి చలి దాటేలోగా పగలు వచ్చేస్తుంది. సాలీడు ఈ లెక్క చదువుకోలేదు, కాని దాని ఇల్లు ఈ లెక్క ప్రకారమే కట్టి ఉంటుంది.

తవ్వడానికి దానికి పార లేదు. కోరలతో మట్టి గీకుతుంది. గీకిన మట్టిని పట్టుదారంతో చిన్న ఉండగా చుట్టి, ఎత్తుకొచ్చి గుమ్మం బయట పడేస్తుంది. ఇలా ఎన్ని వందల మార్లు తిరుగుతుందో! గని లోపల కప్పు కూలకుండా ఆసరాలు నిలుపుతారని గనుల ఊళ్ళ పిల్లలకు తెలుసు. సాలీడు కూడా బొరియ గోడకు పట్టు పూత పూస్తుంది. ఆ పూతవల్ల ఎర్ర చెలక మట్టి జారదు, లోపలి తేమ త్వరగా ఆరదు. మరీ ఎండలు మండినప్పుడు మట్టీ పట్టూ కలిపి గుమ్మం మూసేసుకొని లోపలే ఉండిపోయేవీ ఉన్నవి.

గుమ్మం చుట్టూ పరిచిన పట్టుపోగులు దానికి గుమ్మపు గంట. దానికి ఎనిమిది కళ్ళున్నా చూపు మందం. కాని కాళ్ళమీది సన్నని రోమాలకు నేల అదురు చక్కగా తెలుస్తుంది. చీకట్లో ఒక కీచురాయో, బొద్దింకో, వానలు పడినప్పుడు ఒక ఉసిలో ఆ పోగు మీద కాలు వేసిందనుకోండి. రెప్పపాటులో సాలీడు బయటికి ఉరికి, పట్టుకొని, లోపలికి పోతుంది. దానికి నమలడానికి పళ్ళు లేవు. జీర్ణరసం వేటమీదికి వదిలి, మెత్తబడిన దానిని పీల్చుకొంటుంది. మనం అన్నం తిన్న తరువాత అరిగించుకొంటాం. అది అరిగించుకొన్న తరువాత తింటుంది!

ఒకసారి కడుపు నిండితే చాలాకాలం తిండి లేకుండా ఉండగలదు. పెద్ద సాలీళ్ళు నెలల తరబడి తినకుండా ఉండడం కద్దు. కాని నీరు లేకపోతే మటుకు బతకదు.

చొక్కా విప్పడం

సాలీడుకు ఒంట్లో ఎముకలు లేవు. పైనున్న గట్టి పెంకే దాని అస్థిపంజరం. పెంకు పెరగదు, లోపలి సాలీడు పెరుగుతుంది. అప్పుడేం చెయ్యాలి? పాము కుబుసం విడిచినట్టు పాత పెంకును విడిచెయ్యాలి.

టరంటులా ఈ పని వెల్లకిలా పడుకొని చేస్తుంది. చూసేవారు చచ్చిపోయిందనుకొంటారు. కాని చచ్చిన సాలీడు వెల్లకిలా పడుకోదు. కాళ్ళు లోపలికి ముడుచుకొంటుంది. ఎందుకో తెలుసా? సాలీడు కాళ్ళను ముడవడానికి కండరాలున్నవి గాని, పెద్ద కీళ్ళ దగ్గర చాపడానికి కండరాలు లేవు. ఒంట్లోని నెత్తురును కాళ్ళలోకి నెట్టి, ఆ ఒత్తిడితో చాపుతుంది. ప్రాణం పోగానే ఒత్తిడి పోతుంది, కాళ్ళు ముడుచుకుపోతాయి.

పాత పెంకు విప్పడానికి కొన్ని గంటలు పడుతుంది. కొత్త ఒళ్ళు మెత్తగా, తెల్లగా ఉంటుంది. కోరలు కూడా మెత్తనే. ఆ సమయంలో ఒక చిన్న కీచురాయి వచ్చి కొరికినా అది ఏమీ చెయ్యలేదు. అన్నట్టు, వెనక ఎప్పుడైనా ఒక కాలు ఊడిపోయి ఉంటే, పెంకు విడిచేటప్పుడు అక్కడ చిన్న కొత్త కాలు మొలుచుకొస్తుంది. రెండు మూడు మార్లు విడిచేసరికి ఆ కాలు మిగతావాటితో సమానమవుతుంది.

దీని ఆయుర్దాయం మాట వినండి. మగది పెద్దదయ్యాక బొరియ వదిలి, ఆడదాన్ని వెతుక్కొంటూ తిరుగుతుంది; ఆ తరువాత కొద్ది నెలలో, ఏడాదో బతుకుతుంది. ఆడది అలా కాదు. చాలా జాతులలో పదేళ్ళు దాటి బతుకుతుంది, పెద్ద జాతులలో ఇరవై యేళ్ళు దాటడమూ ఉన్నది. మీరు ఒకటో తరగతిలో చేరిన ఏడు బొరియ తవ్వుకొన్న సాలమ్మ, మీరు పది పాసయ్యేనాటికి ఆ బొరియలోనే ఉండవచ్చు.

బూచి నిజంగా బూచేనా?

సాలీడుకు విషం ఉన్నమాట నిజం. అది కీచురాళ్ళను పడగొట్టడానికి. మనిషి దానికి వేట కాదు. మన అడుగు చప్పుడు వినగానే బొరియ అడుగుకు పారిపోతుంది. పారిపోవడానికి దారి లేనప్పుడు ముందు కాళ్ళెత్తి, కోరలు చూపి బెదిరిస్తుంది. కొన్ని జాతులు దవడలను గీకి బుస్సుమని చప్పుడు కూడా చేస్తాయి. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన ఉడ్-మేసన్ అనే శాస్త్రజ్ఞుడు అస్సాం ప్రాంతపు సాలీడు ఒకటి ఇలా చప్పుడు చేస్తుందని 1870లలోనే వ్రాశాడు.

అమెరికా ఖండాల టరంటులాలు చాలావరకు పొట్టమీది రోమాలను కాలితో దువ్వి శత్రువు మీదికి చల్లుతాయి. అవి కళ్ళలో పడితే భరించలేని మంట. మన దేశపు వాటికి ఆ విద్య లేదు. అందుకే కాబోలు, కోరలనే నమ్ముకొంటాయి. కరిస్తే నొప్పి, వాపు ఉంటాయి. కొన్ని జాతులు కరిస్తే కండరాలు పట్టేసి కొన్ని రోజులు బాధపెడతాయి. టరంటులా కరచి మనిషి చనిపోయినట్టు రుజువైన ఉదాహరణ మటుకు లేదు. ఎప్పుడైనా ఏ సాలీడైనా కరిస్తే సబ్బుతో కడుక్కొని ఆసుపత్రికి వెళ్ళాలి. బ్లేడుతో కొయ్యడం, తాడుతో బిగించి కట్టడం చెయ్యకూడదు. ఆ వైద్యాలవల్ల కాటుకంటె ఎక్కువ చెరుపు జరుగుతుంది.

అసలు భయపడవలసింది సాలీడుకు కాదు, బొరియలో చెయ్యి పెట్టడానికి! నేలలో ఉన్న ప్రతి కన్నమూ సాలీడుది కాదు. కన్నం అర్ధచంద్రాకారంగా, అడ్డంగా ఉంటే మండ్రగబ్బది కావచ్చు. ఎలుక కన్నంలో నాగుపాము ఉండవచ్చు, కట్లపాము ఉండవచ్చు. గుండ్రంగా ఉండి, అంచుకు తెల్లని పట్టు పూత ఉంటే అది సాలీడు ఇల్లు. అదైనా టరంటులాదే కానక్కరలేదు; తోడేలు సాలీళ్ళు కూడా అలాంటి బొరియలు చేస్తాయి. ఎవరి ఇల్లయినా సరే, వేలు పెట్టకూడదు, పుల్ల పెట్టి పొడవకూడదు.

పెంచుకోవచ్చునా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చాం. ఐరోపా, అమెరికా దేశాలలో టరంటులాలను ఇళ్ళలో పెంచేవారు వేలకొద్దీ ఉన్నారు. వాళ్ళు ఎలా పెంచుతారో చెబుతాను వినండి.

గట్టిగా బిగిసే మూత ఉన్న పెట్టె ఒకటి. మూతకూ పక్కలకూ గాలి రంధ్రాలు. పెట్టెలో మూడు వంతుల ఎత్తు వరకు మట్టి. ఎందుకంటే బొరియ సాలీడుకు తవ్వుకొనే లోతు కావాలి; పైన ఖాళీ తక్కువ ఉండాలి. ఖాళీ ఎక్కువైతే గోడ ఎక్కి పడుతుంది. దాని పొట్ట నీళ్ళ బుడగ లాంటిది. జానెడు ఎత్తునుంచి పడినా పగిలి చచ్చిపోవచ్చు. అందుకే తెలిసినవారు దానిని చేతిలోకి తీసుకోరు.

అడుగు మట్టి కాస్త చెమ్మగా, పై మట్టి పొడిగా ఉండాలి. చిన్న మూతలో నీళ్ళు. ఒక పెట్టెలో ఒక్కటే. రెండుంటే ఒకదానిని ఒకటి తినేస్తుంది. వారానికో పది రోజులకో ఒక కీచురాయి. తినకపోతే ఆ కీచురాయిని తీసెయ్యాలి. లేకపోతే సాలీడు పెంకు విప్పే వేళ కొరికేస్తుంది. ఎండ తగలకూడదు, దోమల మందు సోకకూడదు. ఇలా పది, పదిహేను ఏళ్ళు చెయ్యాలి!

ఇంత చేస్తే కనిపించేదేమిటి? ఎక్కువ రోజులు మట్టీ, మట్టిలో ఒక కన్నమూ కనిపిస్తాయి. పగలంతా సాలీడు లోపలే ఉంటుంది. అందుకే పెంచేవారు "మేము పెంచుతున్నది సాలీడును కాదు, బొరియను!" అని తమలో తాము నవ్వుకొంటారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. చూడగలిగేది బొరియనే అయితే, ఆ బొరియ మీ ఊరి గట్టు మీద ముందే ఉన్నది. తవ్వడానికి మీరు మట్టి పోయనక్కరలేదు, కీచురాయిని వెయ్యనక్కరలేదు. దానిని గునపంతో పెళ్ళగించి సీసాలోకి తెచ్చుకొంటే, ఏళ్ళ తరబడి కట్టుకొన్న ఇల్లు పోతుంది. అంతే కాదు. ఒక ఆడ సాలీడు పెద్దదై పిల్లలను పెట్టడానికి కొన్నేళ్ళు పడుతుంది. పెట్టిన పిల్లలలో నూటికి ఒకటో రెండో బతికి పెద్దవవుతాయి. అలాంటి తల్లిని ఎత్తుకుపోతే ఆ గట్టు మీద మళ్ళీ ఇంకొకటి ఎప్పటికి తయారవుతుంది?

ఇంకో సంగతి. ఆదిలాబాదు ప్రాంతంలోని కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యమయింది, 2012లో పులుల సంరక్షణ కేంద్రమయింది. అభయారణ్యంలోని ఏ జీవినీ అనుమతి లేకుండా పట్టుకుపోకూడదని 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతున్నది. పులికి వర్తించినట్టే అక్కడి సాలీడుకూ ఇది వర్తిస్తుంది.

గుత్తి నీలి సాలీడు కథ

ఎత్తుకుపోవడం అనేది ఎంతవరకు పోతుందో తెలియడానికి మన తెలుగునాటి సాలీడు కథే ఉన్నది.

అనంతపురం ప్రాంతంలోని గుత్తి రైల్వే కలప అడితిలో ఒక సాలీడు దొరికింది. మెరిసే నీలిరంగు, కాళ్ళమీద పసుపు మచ్చలు. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి పేరు పెట్టాడు. నిజానికి దాని సొంత ఊరు గుత్తి కాదు. దూరపు అడవులనుంచి రైలులో వచ్చిన కట్టెలతోపాటు అదీ వచ్చింది! ఇది బొరియ సాలీడు కాదు, చెట్టు తొర్రల సాలీడు. ఆ తరువాత వంద సంవత్సరాలకు పైగా దానిని అడవిలో ఎవరూ చూసినట్టు వ్రాయలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనబడింది.

ఈ రంగు చూసి విదేశాలవారు దానికోసం ఎగబడ్డారు. పట్టుకుపోయి, పెట్టెలలో పిల్లలను చేయించి, అమ్మకానికి పెట్టారు. ఈనాడు ఎన్నో దేశాలలో అది పెట్టెలలో ఉన్నది. కాని సొంత అడవిలో అది ఉండే చోటు 100 చదరపు కిలోమీటర్లకంటె తక్కువ. ఆ అడవిలో కట్టెలు కొట్టడం ఆగలేదు. 2008లో దానిని నశించిపోయే ప్రమాదం చాలా తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. 2019లో ఆ జాతి వర్గానికంతటికీ అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టారు.

ఊరు తప్పి వచ్చిన ఒక సాలీడు ఊరి పేరు ప్రపంచమంతా మోగించింది. కాని పెట్టెలో వేల సాలీళ్ళున్నా, అడవిలో అవి లేకపోతే, ఆ అడవి కీచురాళ్ళను తినేదెవరు?

16వ నంబరు సాలీడు

దీనికి ఎదురు కథ ఒకటి ఆస్ట్రేలియాలో ఉన్నది. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రజ్ఞురాలు 1974లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక చిన్న అడవిలో బొరియ సాలీళ్ళను పరిశీలించడం మొదలుపెట్టింది. అవి టరంటులాలకు దగ్గరి బంధువులు. బొరియకు మూత తలుపు పెట్టుకొంటాయి. ఆమె ఏ సాలీడునూ ఇంటికి తీసుకుపోలేదు. ఒక్కొక్క బొరియ పక్కన నంబరు వేసిన చిన్న మేకు పాతి, పుస్తకంలో వ్రాసుకొన్నది. ప్రతి ఏడూ వెళ్ళి చూసేది. ఆమెకు వయసు మీరాక ఆ పనిని ఆమె శిష్యులు అందుకొన్నారు.

అందులో 16వ నంబరు సాలీడు అదే బొరియలో అలా ఏళ్ళకేళ్ళు బతికింది. 2016లో వెళ్ళి చూసేసరికి బొరియ తలుపుకు కన్నం పడి ఉన్నది, లోపల సాలీడు లేదు. సాలీడును కుట్టి, కదలకుండా చేసి, దానిమీద గుడ్డు పెట్టే కందిరీగ పని అయి ఉంటుందని వారు ఊహించారు. అప్పటికి దాని వయసు 43 ఏళ్ళు! అంతకుముందు సాలీళ్ళలో దీర్ఘాయువుగా పేరున్నది మెక్సికోలోని 28 ఏళ్ళ టరంటులా. ఒక మేకు, ఒక పుస్తకం, ఒక ఓపిక. ఈ మూడింటితోనే ప్రపంచంలో ఎవరికీ తెలియని సంగతి తెలిసింది. సీసాలో పెట్టి ఉంటే తెలిసేదా?

మీ బొరియ, మీ పుస్తకం

మీరూ ఇలాగే పెంచుకోండి. బతుకమ్మ పండుగకు తంగేడు పూలు, గునుగు పూలు కోయడానికి గట్ల వెంట తిరుగుతారు గదా! అప్పుడు కళ్ళు నేలమీద ఉంచండి. పట్టు అంచున్న గుండ్రని బొరియ కనబడితే ముట్టుకోకండి. జానెడు దూరంలో ఒక రాయిమీద సున్నంతో నంబరు వేసి పెట్టండి. తరువాత పుస్తకంలో ఇవి వ్రాయండి:

తేదీ, వేళ. నేల ఎర్ర చెలకా, నల్ల రేగడా? గుమ్మం ఎంత వెడల్పు? కొలబద్ద పైనుంచి పట్టి చూడాలి గాని లోపల పెట్టకూడదు. గుమ్మం తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా? బయట కొత్త మట్టి ఉండలున్నవా? తిని పారేసిన రెక్కలు, కాళ్ళు ఏ పురుగువి? విడిచిన పెంకు ఏదైనా పడి ఉన్నదా?

రాత్రి చూడాలంటే ఇంట్లో పెద్దవారిని తోడు తీసుకొని, కాళ్ళకు బూట్లు వేసుకొని వెళ్ళాలి. టార్చిలైటుకు ఎర్ర గాజు కాగితం కట్టండి. ఎర్ర వెలుతురు సాలీడుకు సరిగా ఆనదు. కదలకుండా పది నిమిషాలు కూర్చుంటే, ముందు రెండు కాళ్ళ కొనలు గుమ్మంలోకి వస్తాయి. ఆ పది నిమిషాలే కష్టం!

వానలు మొదలైనప్పుడు, చలి ముదిరినప్పుడు, ఎండలు మండినప్పుడు చూస్తూ ఉంటే ఏడాది తిరిగేసరికి మీ ఊరి సాలీడు గురించి మీ ఊళ్ళో అందరికంటె మీకే ఎక్కువ తెలుస్తుంది. పత్తి చేలలో మందు చల్లిన వారానికి గట్టు బొరియలు ఏమైనవో కూడా చూసి వ్రాయండి. లెక్క కట్టినవారు ప్రపంచంలోని సాలీళ్ళన్నీ కలిసి ఏడాదికి 40 కోట్ల టన్నులనుంచి 80 కోట్ల టన్నుల వరకు పురుగులనూ చిన్న జీవులనూ తింటాయని 2017లో చెప్పారు. అందులో మీ గట్టు సాలమ్మ వాటా కూడా ఉన్నది. కూలి అడగకుండా కావలి కాసే జీవి అది. ఎవరైనా బొరియలో కిరోసిన్ పోయబోతే, ఆ పుస్తకం తీసి చూపించి, "ఇది మా నంబరు బొరియ" అని చెప్పండి. భయపడేవారిని దెబ్బలాడితే వినరు. తెలిసిన సంగతి చెబితే వింటారు.

పుస్తకం నిండితే పారెయ్యకండి. మీ తమ్ముడికో చెల్లెలికో ఇవ్వండి. బొరియ యజమానురాలు ఇంకా అక్కడే ఉండవచ్చు.

వచ్చే నెల అర్ధచంద్రాకారపు కన్నంలో కాపురముండే మండ్రగబ్బ కబుర్లు చెప్పుకొందాం. అంతదాకా ఏ కన్నంలోనూ వేలు పెట్టకండి!